దిగేటప్పుడే గండం: చిన్న విమానాలకు ఆఖరి రెండు నిమిషాలు ఎందుకంత కీలకం?

దుబాయ్‌కో జెద్దాకో కొడుకు బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర అమ్మీ చెప్పే ఆఖరి మాట ఒక్కటే. "దిగగానే ఫోన్ చెయ్యి బేటా." ఎక్కగానే చెయ్యమని ఎవరూ అనరు. సఫర్‌లో అసలు భయం ఎక్కడుందో ఆ తల్లికి ఎవరూ నేర్పలేదు, అయినా తెలుసు. లెక్కలు కూడా ఆమె వైపే ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా ప్యాసింజర్ జెట్ విమానాల ప్రమాదాలపై బోయింగ్ సంస్థ ఏటా వేసే లెక్క ప్రకారం, గంటన్నర ప్రయాణంలో ఆఖరి అప్రోచ్, ల్యాండింగ్ కలిపి పట్టే సమయం నూటికి నాలుగు వంతులే. ప్రాణాలు పోయే ప్రమాదాల్లో మాత్రం దాదాపు సగం ఆ కాస్త సమయంలోనే జరుగుతున్నాయి.

ఇది పెద్ద విమానాల సంగతి. ఎనిమిది తొమ్మిది మంది ఎక్కే ప్రైవేటు విమానాల మాటేమిటి? విశాఖపట్నానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 2023 సెప్టెంబర్ 14న విశాఖ నుంచి ముంబై బయల్దేరిన ఒక చిన్న జెట్ సాయంత్రం వేళ ముంబై విమానాశ్రయంలో 27వ నంబర్ రన్‌వే మీద దిగుతూ పక్కకు దూసుకుపోయి విరిగిపోయింది. అది లియర్‌జెట్ 45 రకం విమానం, రిజిస్ట్రేషన్ వీటీ-డీబీఎల్, నడిపేది వీఎస్ఆర్ వెంచర్స్. ఆ సమయంలో భారీ వర్షం పడుతోంది. రన్‌వే దగ్గర 700 మీటర్ల దాకా మాత్రమే కనిపిస్తోందని డీజీసీఏ అప్పుడే ప్రకటించింది. లోపల ఆరుగురు ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు. ఎనిమిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు. విశాఖలో ఆ వార్త ఒకరోజు మాట్లాడుకుని వదిలేసిన వార్త అయిపోయింది. ప్రాణనష్టం లేకపోతే మన దగ్గర ప్రమాదం కూడా తొందరగానే మరుగున పడుతుంది.

రెండేళ్ళు దాటిన తర్వాత, 2026 జనవరి 28న, అదే సంస్థ నడిపే అదే రకం విమానం మహారాష్ట్రలోని బారామతిలో దిగబోతూ కూలింది. ఈసారి ఎవరూ మిగల్లేదు. ఉపముఖ్యమంత్రి అజిత్ పవార్, ఆయనతో పాటు విమానంలో ఉన్న నలుగురూ చనిపోయారు. స్థానిక సంస్థల ఎన్నికల ప్రచారం కోసం ఆయన పొద్దున్నే ముంబై నుంచి సొంత ఊరికి బయల్దేరారు.

ఒకే సంస్థ పేరు, ఒకే రకం విమానం రెండుసార్లు వినిపించడం ప్రశ్న అవుతుంది కానీ తీర్పు కాదు. ఎవరి తప్పు అన్నది దర్యాప్తు సంస్థ తేల్చాల్సిన విషయం. అయితే ఈ రెండు ప్రమాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, తప్పు ఎవరిదన్న దానికంటే ముందు అడగాల్సినవి కొన్ని కనిపిస్తాయి.

బారామతిలో ఆ ఉదయం

విమానయాన శాఖ ఆ రోజే విడుదల చేసిన వివరాలు నిమిషాల వారీగా ఉన్నాయి. బారామతి కంట్రోల్ లేని ఏరోడ్రోమ్. అంటే విశాఖలోనో శంషాబాద్‌లోనో ఉన్నట్టు అక్కడ ఏటీసీ అధికారులు ఉండరు. ఆ మైదానంలో పైలట్ శిక్షణ సంస్థలు ఉన్నాయి. వాటి ఇన్‌స్ట్రక్టర్లో, పైలట్లో గాలి ఎటు ఉంది, ఎంత దూరం కనిపిస్తోంది అని రేడియోలో చెబుతుంటారు. ఉదయం 8 గంటల 18 నిమిషాలకు విమానం వాళ్ళతో మాట్లాడింది. గాలి లేదు, దాదాపు 3,000 మీటర్ల దాకా కనిపిస్తోంది అని కింది నుంచి చెప్పారు. 11వ నంబర్ రన్‌వే వైపు వచ్చిన పైలట్లు రన్‌వే కనిపించడం లేదని చెప్పి విమానాన్ని మళ్ళీ పైకి లేపారు. రెండోసారి వచ్చారు. కనిపిస్తోందా అని కింది నుంచి అడిగితే, ఇంకా కనిపించలేదు, కనిపించగానే చెబుతాం అన్నారు. కొద్ది సెకన్లకే కనిపించింది అన్నారు. 8 గంటల 43 నిమిషాలకు దిగడానికి క్లియరెన్స్ ఇచ్చారు. దాన్ని తిరిగి చదివి ఒప్పుకుంటున్నట్టు పైలట్లు చెప్పాల్సిన జవాబు రాలేదు. 8 గంటల 44 నిమిషాలకు రన్‌వే మొదట్లో మంటలు కనిపించాయి.

రన్‌వేను కంటితో చూసి దిగే పద్ధతికి 5 కిలోమీటర్ల దాకా కనిపించాలన్నది నియమం. ఆ 5 ఎందుకు, 3 అయితే ఏం పోయింది అనిపించవచ్చు. కాసేపు లెక్క వేసుకుంటే అర్థమవుతుంది.

విమానం రన్‌వే వైపు దిగే వాలు సాధారణంగా మూడు డిగ్రీలు. నిచ్చెన మెట్టు దిగినట్టు కాదు, వంతెన మీంచి బండి మెల్లగా జారినట్టు. ఈ వాలులో, రన్‌వేకి 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న విమానం సుమారు 860 అడుగుల ఎత్తులో ఉంటుంది. 3 కిలోమీటర్ల దూరంలో అయితే 500 అడుగులకు కాస్త పైన. చిన్న జెట్ దిగే వేగం గంటకు 220 కిలోమీటర్లు అనుకుంటే, 5 కిలోమీటర్ల దగ్గర రన్‌వే కనిపించిన పైలట్ చేతిలో ఎనభై సెకన్లు ఉంటాయి. 3 కిలోమీటర్ల దగ్గర కనిపిస్తే యాభై సెకన్లు కూడా ఉండవు.

ఇక్కడే ఇంకో నియమం వచ్చి కలుస్తుంది. కళ్ళతో చూసి దిగేటప్పుడు, నేలకు 500 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి విమానం పూర్తిగా కుదురుగా ఉండాలి అంటారు. వేగం సరిగ్గా ఉండాలి, చక్రాలు దిగి ఉండాలి, రెక్కల వెనక ఫ్లాప్స్ తెరిచి ఉండాలి, ముక్కు సూటిగా రన్‌వే వైపే ఉండాలి. ఏ ఒక్కటి తేడా ఉన్నా దిగే ప్రయత్నం మానేసి పైకి వెళ్ళిపోవాలి. మబ్బులోంచి పరికరాల సాయంతో వస్తుంటే ఆ హద్దు 1,000 అడుగులు. ఇప్పుడు 3 కిలోమీటర్ల లెక్క మళ్ళీ చూడండి. రన్‌వే కంటపడే వేళకే విమానం ఆ 500 అడుగుల హద్దు దగ్గరికి వచ్చేసి ఉంటుంది. అప్పుడు చూస్తే రన్‌వే కొంచెం ఎడమకో కుడికో ఉందనుకోండి, సర్దుకోవడానికి చోటు లేదు. అయినా సర్దుకోవాలనే చూస్తాడు మనిషి. ఇంత దూరం వచ్చి, రన్‌వే కళ్ళెదుట పెట్టుకుని వదిలేయడం ఎవరికైనా కష్టమే.

తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో వెళ్తున్న విమానాన్ని గట్టిగా పక్కకు వంచి తిప్పితే రెక్కల మీద గాలి పట్టు తప్పుతుంది. దీన్ని స్టాల్ అంటారు. ఇంజన్ ఆగిపోవడం కాదు ఇది. ఇంజన్ బాగానే పని చేస్తున్నా రెక్క మోయడం మానేస్తుంది. ఐదు వేల అడుగుల ఎత్తులో అయితే ముక్కు కిందికి దించి, వేగం పెంచి తేరుకోవచ్చు. మూడు వందల అడుగుల దగ్గర తేరుకునే లోపే నేల వచ్చేస్తుంది. ఒంటి ఇంజన్ సెస్నా మొదలుకుని బిజినెస్ జెట్ల దాకా, రన్‌వే వైపు ఆఖరి మలుపు తిరిగేటప్పుడు కూలిన విమానాలు ప్రపంచమంతా ఉన్నాయి. బారామతిలో కూడా ఇదే జరిగిందని ఈ లెక్కను బట్టి అనేయకూడదు. ఆ 5 కిలోమీటర్ల నియమం ఊరికే పెట్టింది కాదని మాత్రం తెలుస్తుంది.

మరి ముంబైలో 700 మీటర్లే కనిపిస్తున్నా విమానాలు ఎలా దిగుతున్నాయి? అక్కడ ఐఎల్ఎస్ ఉంది. రన్‌వే దగ్గర్నుంచి వచ్చే రేడియో సంకేతాలు విమానానికి మధ్య గీత ఎక్కడుందో, వాలు ఎంతో చూపిస్తుంటాయి. మామూలు ఐఎల్ఎస్‌తో పైలట్ కిటికీలోంచి ఏమీ కనపడకపోయినా 200 అడుగుల దాకా రావచ్చు. ఆ ఎత్తులో రన్‌వే గానీ దాని ముందు వరసగా పరిచిన అప్రోచ్ లైట్లు గానీ కనిపించాలి, లేదా వెళ్ళిపోవాలి. అంత సరంజామా ఉన్న చోట కూడా విశాఖ నుంచి వెళ్ళిన విమానం రన్‌వే తప్పింది. కానీ అక్కడ నిమిషాల్లో ఫైరింజన్లు చేరాయి, ఎనిమిది మందినీ బయటికి తీసి ఆసుపత్రికి పంపారు. ఒకే రకం విమానం, రెండూ కనపడని వాతావరణంలో వచ్చినవే. కింద ఉన్న నేల మాత్రం వేరు.

"గో ఎరౌండ్" అనే రెండు మాటలు

దిగడం మానేసి మళ్ళీ పైకి లేవడాన్ని గో ఎరౌండ్ అంటారు. ప్రయాణికులకు అది భయం పుట్టిస్తుంది. విమానం నేల దాకా వచ్చి ఒక్కసారిగా గర్జిస్తూ పైకి లేస్తే, లోపల పిల్లలు ఏడుస్తారు, పెద్దలు కలిమా చదువుతారు, దిగాక పైలట్‌ను తిట్టుకుంటారు. నిజానికి ఆ పైలట్‌కు షుక్రియా చెప్పాలి. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అనే అంతర్జాతీయ సంస్థ అధ్యయనంలో తేలింది ఏమిటంటే, కుదురుగా లేని అప్రోచ్‌లు నూరు జరిగితే వాటిలో మూడింటిలోనే పైలట్లు గో ఎరౌండ్ చేస్తున్నారు. మిగతా తొంభై ఏడు సార్లూ ఎలాగోలా దించేస్తున్నారు. దాదాపు ప్రతిసారీ ఏమీ కాదు. ఏమీ కానందువల్లే అది అలవాటుగా మారుతుంది.

గల్ఫ్ కుటుంబాలు ఎన్నటికీ మరిచిపోలేని రెండు ప్రమాదాలు ఇలాంటివే. అవి చిన్న విమానాలు కావు, కానీ ఈ విషయం అర్థం కావాలంటే వాటి దగ్గరికి వెళ్ళాల్సిందే. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరు కొండ మీది రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. ఎక్కువమంది కాసరగోడ్, మంగళూరు ప్రాంతాల నుంచి బతుకుదెరువు కోసం వెళ్ళి సెలవుకు ఇంటికి వస్తున్నవాళ్ళు. విమానం ఉండాల్సిన దానికంటే చాలా ఎత్తులో వచ్చింది. పరికరాలు హెచ్చరిస్తున్నాయి. పక్క సీట్లో ఉన్న కోపైలట్ గో ఎరౌండ్ అని మూడుసార్లు అన్నాడని విచారణ నివేదిక తేల్చింది. కెప్టెన్ వినలేదు.

పదేళ్ళ తర్వాత, 2020 ఆగస్టు 7న, కోవిడ్ రోజుల్లో చిక్కుకుపోయినవాళ్ళను దుబాయ్ నుంచి తెస్తున్న విమానం కోజికోడ్‌లో అలాగే రన్‌వే దాటి పడిపోయింది. 190 మందిలో 21 మంది పోయారు, ఇద్దరు పైలట్లతో సహా. వానలో ఒకసారి దిగలేక పైకి లేచి, రెండో వైపు నుంచి వచ్చి, దాదాపు సగం రన్‌వే దాటాక నేల తాకింది. ఇక్కడ కూడా పక్క పైలట్ గో ఎరౌండ్ అన్నాడు. ఇక్కడ కూడా కెప్టెన్ ఆ మాట పాటించలేదు.

రెండు నివేదికలూ చదివితే యంత్రాల గురించి కంటే మనుషుల గురించే ఎక్కువ తెలుస్తుంది. కుర్చీలో పెద్దవాడు కూర్చున్నప్పుడు చిన్నవాడి నోరు ఎంత గట్టిగా పెగులుతుంది? పెగిలితే వినేవాళ్ళు ఎవరు? మన ఇళ్ళలో పెద్దల మాటకు ఎదురు చెప్పకపోవడం అదబ్ అంటాం. కాక్‌పిట్‌లో అదే అదబ్ ప్రాణం తీస్తుంది. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయినప్పుడు ఎంతోమంది తల్లిదండ్రులు పొంగిపోయారు, తమ పిల్లలకూ ఆ కల చూపించారు. ఆ కలతో శిక్షణకు వెళ్ళే పిల్లలు 200 గంటల ఫ్లయింగ్ పూర్తి చేసి, మొదట కూర్చునేది ఆ కుడి సీట్లోనే. ఎక్కువ గంటల అనుభవం కోసం చాలామంది ముందు చిన్న ఆపరేటర్ల దగ్గర చేరతారు. అక్కడ కెప్టెన్‌తో విభేదించడం అంటే కొన్నిసార్లు ఉద్యోగంతో విభేదించడమే.

వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు

చార్టర్ విమానానికి ఇంకో బరువు ఉంటుంది. ఎయిర్‌లైన్స్‌లో ప్రయాణికుడికి పైలట్ ఎవరో తెలియదు. చార్టర్‌లో డబ్బు కట్టిన మనిషి పైలట్ వీపు వెనకే, పది అడుగుల దూరంలో ఉంటాడు.

2001 మార్చి 29న అమెరికాలో లాస్ ఏంజెలిస్ నుంచి ఆస్పెన్ అనే కొండల మధ్య పట్టణానికి ఒక గల్ఫ్‌స్ట్రీమ్ చార్టర్ జెట్ వెళ్ళింది. చీకటి పడితే అక్కడ దిగనివ్వరు. ఆలస్యంగా బయల్దేరారు. వేరే ఊరికి మళ్ళించాల్సి రావచ్చని తెలిసి విమానం మాట్లాడుకున్న ఖాతాదారు మండిపడ్డాడు, ఆ సంగతి ఆపరేటర్ దాకా వెళ్ళింది. మంచు పడుతున్న సాయంకాలం రన్‌వే కనిపించకపోయినా కిందికి దిగుతూ పోయి కొండవాలుకు కొట్టుకుంది విమానం. 18 మందీ చనిపోయారు. ఖాతాదారు నుంచి పైలట్ మీద పడిన ఒత్తిడి కూడా ఒక కారణమని అక్కడి దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ రాసింది.

మన దగ్గర ఆ ఖాతాదారు స్థానంలో నాయకుణ్ణి పెట్టి చూడండి. మధ్యాహ్నం సభ, జనం ఎండలో ఎదురుచూస్తున్నారు, సాయంత్రం ఇంకో జిల్లాలో ఇంకో సభ. ఎన్నికలొస్తే బేగంపేట నుంచి రోజూ ఎన్ని హెలికాప్టర్లు, చార్టర్ విమానాలు లేస్తాయో చూసినవాళ్ళకు తెలుసు. తెలుగు నేల ఇప్పటికే చాలా పోగొట్టుకుంది. లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి మరణించారు. ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో కూలింది, అది దిగేటప్పుడు జరిగింది కాదు, చెడు వాతావరణంలో ముందుకు వెళ్తుండగా జరిగింది. నటి సౌందర్య 2004 ఏప్రిల్ 17న కరీంనగర్ ప్రచారానికి బెంగళూరు జక్కూరు నుంచి సెస్నాలో లేచిన కాసేపటికే ప్రాణాలు కోల్పోయారు. మూడింటికీ కారణాలు వేర్వేరు. మూడూ ఒక గాటన కట్టేయడం సరికాదు. అయితే మూడు ప్రయాణాలూ ఎయిర్‌లైన్స్ టైంటేబుల్‌కు బయట, ఒక మనిషి కార్యక్రమం చుట్టూ అల్లుకున్నవే.

ఇది పెద్దవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. మామూలు కుటుంబాలు కూడా ఈ చిన్న విమానాలు ఎక్కే సందర్భం ఒకటుంది. అదే ఎయిర్ అంబులెన్స్. విశాఖలోనో విజయవాడలోనో ఐసీయూలో ఉన్న అబ్బాజాన్‌ను హైదరాబాద్‌కో చెన్నైకో తీసుకెళ్ళాలంటే నగలు అమ్మి, అప్పు చేసి లక్షలు కడతారు. అప్పుడు డబ్బు కట్టిన ఖాతాదారు ఆ కుటుంబమే. గంట ఆలస్యమైతే మనిషి దక్కడేమో అన్న ఆత్రంలో "ఎలాగైనా తీసుకెళ్ళండి సాబ్" అనడం సహజం. ఆ మాట బరువు పైలట్ భుజం మీద పడుతుంది. అందుకే ఎయిర్ అంబులెన్స్ మాట్లాడుకునే ముందు ధర ఒక్కటే కాకుండా ఇంకొన్ని అడగాలి. ఇద్దరు పైలట్లు ఉంటారా? దిగే చోట ఐఎల్ఎస్ ఉందా? అక్కడ దిగలేకపోతే ఏ ఊరికి మళ్ళిస్తారు, అక్కడ అంబులెన్స్, ఆసుపత్రి సిద్ధంగా ఉంటాయా? చివరి ప్రశ్నకు ముందే జవాబు దొరికితే, మళ్ళించాల్సి వచ్చినప్పుడు పైలట్ తటపటాయించాల్సిన పనుండదు.

మళ్ళించడం అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చే ఉదంతం ఒకటుంది. 1993 నవంబర్ 15న మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్, సరిగా కనిపించక బేగంపేటలో దిగలేకపోయింది. పైకి లేచాక ఫ్లాప్స్ పూర్తిగా మూసుకోలేదు. అలాగే మద్రాసు వైపు తిరిగింది. ఫ్లాప్స్ తెరుచుకుని ఎగిరితే ఇంధనం దండిగా తాగుతుంది. మద్రాసు చేరకుండానే ఇంధనం అయిపోవచ్చి, తిరుపతి దగ్గర పొలాల్లో దింపారు. చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి, అల్లు రామలింగయ్య అందులోనే ఉన్నారు. అందరూ బతికారు. గో ఎరౌండ్ నిర్ణయం సరైనదే. తర్వాత ఎక్కడికి, ఎంత ఇంధనంతో అన్న లెక్క తప్పింది. దిగకపోవడానికి ధైర్యం ఒక్కటే చాలదు, ట్యాంకులో నూనె కూడా ఉండాలి.

పద్మనాభం పక్కనే కొత్త రన్‌వే

ఇప్పుడు ఈ కథంతా విశాఖ జిల్లా పద్మనాభం వైపు ఎందుకు తిరుగుతుందంటే, ఆ మండలానికి తూర్పున కాస్త దూరంలోనే భోగాపురం ఉంది. అక్కడ అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం కట్టారు. 3,800 మీటర్ల రన్‌వే. 2026 జనవరి 4న ఢిల్లీ నుంచి వచ్చిన పరీక్షా విమానం అక్కడ మొదటిసారి దిగింది. ఇన్నాళ్ళూ విశాఖ విమానాలన్నీ నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగలోనే దిగుతున్నాయి. కొండలు చుట్టూ ఉన్న చోటు అది, పైగా యుద్ధవిమానాల అవసరాలు ముందు. 2014లో హుద్‌హుద్ తుపాను ఆ విమానాశ్రయాన్ని ఎలా చీల్చిందో విశాఖ మరిచిపోలేదు. ఆ లెక్కన భోగాపురం మెరుగైన చోటే. పెద్ద విమానాలతో పాటు స్టీల్, ఫార్మా, పోర్టు కంపెనీల చిన్న జెట్లు కూడా అక్కడికే మారతాయి. పద్మనాభం, ఆనందపురం, భీమిలి చుట్టుపక్కల పల్లెల మీద ఇదివరకు లేని ఇంజన్ల మోత వినిపిస్తుంది.

విమానం చప్పుడుతో పాటు కొన్ని నియమాలు కూడా వస్తాయి. వీటి గురించి ఊళ్ళలో చెప్పేవాళ్ళు తక్కువ. ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ నియమం ప్రకారం విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల పరిధిలో పక్షులను ఆకర్షించేలా జంతువులను కోయడం, మాంసం దుకాణాల, చేపల దుకాణాల, హోటళ్ళ వ్యర్థాలు పారవేయడం నిషేధం. తగిన ఏర్పాట్లు ఉన్నాయని అధికారులు తృప్తి చెందితే అనుమతి ఇవ్వవచ్చు. గద్దలు, డేగలు ఎగిరేది సరిగ్గా విమానాలు దిగే ఎత్తుల్లోనే. చిన్న జెట్ ఇంజన్‌లోకి ఒక్క గద్ద వెళ్ళినా ఆఖరి నిమిషంలో అది పెద్ద ప్రమాదమే. కాబట్టి నియమం వెనక ఉన్న కారణం న్యాయమైనదే. అమలు మాత్రం న్యాయంగా ఉండాలంటే, ఆ పరిధిలో ఉన్న మటన్ షాపుల వాళ్ళకు, చేపలమ్మే మత్స్యకార మహిళలకు, బక్రీద్ నాడు ఖుర్బానీ చేసే కుటుంబాలకు ముందుగా చెప్పి, మూత ఉన్న కబేళా, రోజూ వ్యర్థాలు ఎత్తే బండి ఏర్పాటు చేయాలి. పండగ ముందురోజు పోలీసులు వచ్చి చెప్పడం ఏర్పాటు అనిపించుకోదు. పంచాయతీలు ఇప్పుడే అడగాల్సిన విషయం ఇది. ఇళ్ళ ఎత్తుకు ఏఏఐ అనుమతి, పెళ్ళిళ్ళలో డ్రోన్లు, ఆకాశంలోకి లేజర్ లైట్లు, వీటికీ కట్టుబాట్లు ఉంటాయి.

భోగాపురం పెద్ద విమానాశ్రయం కాబట్టి టవర్, ఐఎల్ఎస్, ఫైరింజన్లు అన్నీ ఉంటాయి. దాని గురించి అంత బెంగ అక్కర్లేదు. బెంగ పడాల్సింది చిన్నవాటి గురించి. కుప్పం, దగదర్తి, శ్రీకాకుళం, ఇలా రాష్ట్రంలో కొత్త విమానాశ్రయాల ప్రతిపాదనలు చాలా ఉన్నాయి. జిల్లాకో రన్‌వే అని నాయకులు చెబితే జనం చప్పట్లు కొడతారు. రన్‌వే అంటే తారు వేసిన రోడ్డు. అది ఏడాదిలో వేయవచ్చు. వాతావరణం కొలిచే పరికరం, దాన్ని చదివే మనిషి, అప్రోచ్ లైట్లు, వాలు సరిగ్గా ఉందో లేదో ఎరుపు తెలుపు రంగుల్లో చూపించే పాపీ లైట్లు, రాత్రింబగళ్ళు జీతం ఇవ్వాల్సిన కంట్రోలర్లు, ఇవి శంకుస్థాపన ఫొటోలో కనిపించవు.

అన్నిచోట్లా ఐఎల్ఎస్ పెట్టడం ఖరీదైన పని, నిజమే. దానికి చవకైన దారి మన దేశంలోనే తయారైంది. ఇస్రో, ఏఏఐ కలిసి రూపొందించిన గగన్ వ్యవస్థ ఉపగ్రహాల ద్వారా విమానానికి దాదాపు ఐఎల్ఎస్ లాంటి మార్గం చూపిస్తుంది, నేల మీద పెద్ద యాంటెన్నాలు అక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ అనే చిన్న విమానాశ్రయంలో ఇండిగో ఏటీఆర్ విమానాన్ని ఈ పద్ధతిలో దించి చూపించారు. కొత్తగా రిజిస్టర్ అయ్యే విమానాల్లో దీన్ని అందుకునే పరికరం ఉండాలని విధానం పెట్టారు. పాత చార్టర్ విమానాల్లో అది బిగించడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఆపరేటర్ తనంతట తాను పెట్టుకోడు. నాయకులను, రోగులను మోసే విమానాలకైనా తప్పనిసరి చేయమని అడగడానికి ఎంపీలకు, ఎమ్మెల్యేలకు అడ్డేమీ లేదు. ఆ విమానాల్లో ఎక్కేది వాళ్ళే కదా.

బారామతిలో ప్రమాదం జరిగిన తర్వాత స్థానిక అధికారుల అభ్యర్థన మీద భారత వాయుసేన బృందం అక్కడికి వెళ్ళింది. ఏటీసీ సేవలు, వాతావరణ సమాచారం అందించే ఏర్పాటు చేసింది. ప్రముఖులు వరసగా విమానాల్లో వస్తున్నారు, అంత్యక్రియలకు.